రెక్కల ములికి మీద ప్రమాణం

కార్తిక శుద్ధ దశమి నాడు, పొద్దు పొడిచిన రెండు గడియలకు, తామ్రగిరి కోట పడమటి వాకిట ఉదయమల్లు రెక్కల ములికి మీద చెయ్యి వేశాడు.

చూసినవాళ్ళు నలభై మంది. ముప్ఫై ఇద్దరు విలుకాళ్ళు. మిగిలినవాళ్ళు జాడగాళ్ళు, డప్పులవాళ్ళు, కుక్కలను పట్టుకున్నవాళ్ళు. అందరూ మెడలు సాచి చూశారు. పదకొండేళ్ళుగా ఉదయమల్లు రాజుగారి వేటలో ముందు నడిచే విలుకాడు. ఈ పదకొండేళ్ళలో అతడు బిగి ములికి తప్ప మరొకటి ముట్టలేదు. ఆ సంగతి వేటకుక్కలకు కూడా తెలుసని కోటలో అనుకునేవారు.

ఆయుధశాల అధికారి శరభయ్యకు డెబ్బై ఏళ్ళు. ఆయన ముందు పీట, పీట మీద ఎర్రగుడ్డ, గుడ్డ మీద బాణం మొనకు తొడిగే ములుకులు రెండు ఉన్నాయి. ఆయన వంగి, ఉదయమల్లు చెయ్యి ఎక్కడుందో దగ్గర నుంచి చూశాడు.

"మల్లూ, చెయ్యి పొరపాటున పడిందేమో చూసుకో."

"సరిగ్గానే పడింది, తాతా."

"ఇవాళ దేని మీదికి పోతున్నామో గుర్తుందా?"

"పంది మీదికి."

"ఏ పంది?"

"ఆ పందే."

 శరభయ్య పొదిలోంచి రెక్కల బాణాలు మూడు తీసి అతని చేతికిచ్చాడు.

తామ్రగిరిలో వేటకు వెళ్ళే ప్రతి విలుకాడూ పొద్దున్నే ఒక రకం ములికిని ఎంచుకొని, దాని మీద చెయ్యి వేసి ప్రమాణం చేయాలి. ఆ రోజుకు మూడు బాణాలు ఇస్తారు. మూడూ ఆ రకానివే. మరో రకం ముట్టినవాడి విల్లును ఆయుధశాల గడప మీద విరుస్తారు. ఆ తర్వాత ఆ రాజ్యంలో వాడు విల్లు పట్టడానికి వీల్లేదు. ఏడు తరాల కిందట ఒక రాజు పులికి ఎదురుపడ్డాడు. పక్కనున్న విలుకాడు ఏ బాణం వెయ్యాలా అని పొదిలో వెతుకుతూ నిలబడ్డాడు. రాజు తిరిగి రాలేదు. నియమం అప్పుడు పుట్టింది.

బిగి ములికి ఒకే ఇనుప ముక్క. అటొక అంచు, ఇటొక అంచు, బొటనవేలంత పొడవు. ఎముకకు తగిలినా వంగదు. దానితో చిక్కల్లా గాలి. దాని అంచులు గాలిని పట్టుకుంటాయి కాబట్టి బాణం ఈకలను మెలితిప్పి అతికించాలి, విలుకాడి చేతికి సరిపడేదాకా మళ్ళీ మళ్ళీ సరిచేయాలి. ఒక్కొక్కరికి నెల పడుతుంది.

రెక్కల ములికి పోయేటప్పుడు మేకులా పోతుంది. దాని రెండు రెక్కలూ కాడకు ముడుచుకొని ఉంటాయి. వాటి చుట్టూ లక్క పూసిన దారం ఒక చుట్టు. తగలగానే దారం తెగి, రెక్కలు నాలుగు వేళ్ళ వెడల్పున విచ్చుకుంటాయి. కొత్తవాడు వేసినా సూటిగా పోతుంది. అయితే విచ్చుకోవడానికే సగం ఊపు ఖర్చవుతుంది. తోలు మందంగా ఉన్నచోట రెక్కలు పైపైనే విచ్చుకొని ఆగిపోతాయి. ఏటవాలుగా తగిలితే జారిపోతుంది. ఒకసారి విచ్చుకున్న ములికిని వెనక్కి లాగడం కుదరదు.

ముదురు పందికి భుజం మీద తోలు కింద గట్టి పొర ఒకటి పెరుగుతుంది. వేటగాళ్ళు దాన్ని డాలు అంటారు. బురదలో పొర్లి పొర్లి, చెట్లకు రాసుకొని రాసుకొని అది చెక్కలా తయారవుతుంది. పంది వేటకు బిగి ములికి కాక మరొకటి తీసుకెళ్ళడం తప్పని ఉదయమల్లే పదకొండేళ్ళుగా కొత్త విలుకాళ్ళకు చెబుతూ వచ్చాడు.

ఈ పంది మెడలో రాగి పెట్టె ఉంది. పెట్టెలో రాకుమారి హేమలేఖ గొంతు ఉంది.

నలభై రోజుల కిందట భస్మాంగదుడనే మాంత్రికుడు సభకు వచ్చాడు. తాను చేయబోయే హోమంలో రాకుమారి పాడాలన్నాడు. రాకుమారి "రాను" అంది. ఆమె నోటి నుంచి వచ్చిన చివరి మాట అదే. మాంత్రికుడు అరచెయ్యి చాచి మూశాడు. అందులో ఏదో పట్టుకున్నవాడిలా పిడికిలిని రాగి పెట్టె మీద తెరిచి, మూత వేశాడు. ఆ పెట్టెను ముళ్ళకోనలో ఒక పంది మెడకు కట్టి వదులుతున్నానన్నాడు. నలభయ్యో రోజు పొద్దు వాలేలోగా తెచ్చుకోగలిగితే గొంతు రాకుమారిది, లేకపోతే తనది. రాజరక్తం ఉన్నవాడెవడైనా వేటకు వస్తే ఆ క్షణమే ఆ గొంతు తనది. ఇంత చెప్పి కనిపించకుండా పోయాడు.

మూడు వేటలు జరిగాయి. పదమూడు కుక్కలు, ఇద్దరు మనుషులు పోయారు. ఇవాళ నలభయ్యో రోజు.

ఇదంతా తెలిసి ఉదయమల్లు రెక్కల ములికి ఎందుకు ఎంచుకున్నాడన్నది వాకిట్లో ఉన్నవాళ్ళు వేసుకున్న ప్రశ్న. జవాబు అతని వెనక వరుసలో నిలబడి ఉంది. దాని పేరు మైలారి.

రాకుమారి గొంతు పోయిన మూడో రోజున మైలారి వచ్చాడు. దేశాలు తిరిగే విలుకాణ్ణని చెప్పుకున్నాడు. కనుబొమల దాకా దిగే తలపాగా, భుజాన విల్లు, చేతిలో తాటాకు. తాటాకు మీద రెక్కల ములికి బొమ్మ గీసి ఉంది. దాన్ని పట్టుకొని అతడు నేరుగా కోట కొలిమికి వెళ్ళాడు. కొలిమి అలివేణిది. తండ్రి చనిపోయాక సుత్తి ఆమె చేతికి వచ్చింది. ఆమె ఉదయమల్లు భార్య.

పదకొండేళ్ళుగా అలివేణి ఉదయమల్లుకు బిగి ములుకులు చేసింది. అన్నీ ఒకే కొలత, ఒకే బరువు. చేసి, నూనె గుడ్డతో తుడిచి, అరుగు మీద పెట్టేది. అతడు తీసుకెళ్ళేవాడు. దాని గురించి ఇద్దరూ మాట్లాడుకున్నది లేదు. మాట్లాడాల్సిందీ లేదనుకున్నాడు ఉదయమల్లు.

తాటాకు వచ్చాక ఆమె పొద్దున కొలిమి రాజేస్తే పొద్దు గూకేదాకా బయటికి రాలేదు. రెక్క పెద్దదైతే విచ్చుకోలేదు. చిన్నదైతే విరిగింది. దారానికి లక్క బదులు మైనం పూసి చూసింది, జిగురు పూసి చూసింది. పని మొదలుపెట్టిన ఎనిమిదో రోజున మొదటి రెక్క సరిగ్గా విచ్చుకుంది. ఆమె పెద్దగా నవ్వింది. ఆ నవ్వు ఆయుధశాల దాకా వినబడింది. ఆయుధశాలలో ఉదయమల్లు వింటి అల్లెతాడుకు మైనం రాస్తున్నాడు. ఆమె అలా నవ్వడం అతడు పెళ్ళయిన ఏడాది విన్నాడు. ఆ తర్వాత విన్నట్టు గుర్తు లేదు.

అప్పటి నుంచి అతడు లెక్కపెట్టాడు. ఆ పక్షంలో ఆమె నాలుగుసార్లు నవ్వింది. నాలుగుసార్లూ మైలారి కొలిమిలోనే ఉన్నాడు.

ఇరవయ్యో రోజున గుమ్మడికాయల మీద పరీక్ష పెట్టారు. నూరడుగుల దూరంలో ఏడు కాయలు. మైలారి రెక్కల ములికితో ఏడూ కొట్టాడు. కాయలు పగిలి గింజలు చెదిరాయి. రాజు మహీధరసింహుడు తన భుజం మీది ఉత్తరీయం తీసి అతనికి కప్పాడు. ఉదయమల్లు బిగి ములికితో ఏడూ కొట్టాడు. కాయలకు రంధ్రాలు పడ్డాయి, అంతే. వాటిని చూడడానికి ఎవరూ దగ్గరికి రాలేదు. అలివేణి వచ్చింది గాని, మైలారి కొట్టిన కాయల దగ్గరికి వెళ్ళి, ముక్కలు చేతిలోకి తీసుకొని, కోత ఎంత వెడల్పుందో వేళ్ళతో కొలిచింది.

ముప్ఫై ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఉదయమల్లు కొలిమి గోడ పక్కగా పోతున్నాడు. లోపల మాటలు వినబడ్డాయి. ఆగాడు.

"మల్లన్నకు మాత్రం తెలియకూడదు," అన్నాడు మైలారి.

"తెలియనివ్వను," అంది అలివేణి.

ఉదయమల్లు ఇంటికి పోయి మంచినీళ్ళు తాగాడు. మరో చెంబు తాగాడు. ఆ సాయంత్రం అలివేణి కందిపచ్చడి వేసి అన్నం పెట్టింది.

"తినవేం?"

"ఆకలి లేదు."

"ఒంట్లో బాగోలేదా?"

"ఒంట్లో బాగానే ఉంది."

"మరి ఎక్కడ బాగోలేదయ్యా?"

అతడు లేచి చెయ్యి కడుక్కున్నాడు. మరునాడు ఆమె లేని వేళ కొలిమిలోకి వెళ్ళి, రెక్కల ములికి ఒకటి తీసుకొని, గడ్డిమోపు మీద ఆరుసార్లు వేసి చూశాడు. ఆరుసార్లూ సూటిగా పోయింది. ఇంత తేలికైన దానికా వాడికి ఉత్తరీయం కప్పారు, అనుకున్నాడు. వాడి ములికితోనే వాడికంటే ముందు పందిని కొట్టాలి. పెట్టె తన చేతుల్లో ఉండగా అలివేణి చూడాలి. అతని ఆలోచన ఇంతవరకే సాగింది.

ఇప్పుడు వాకిట్లో శరభయ్య తర్వాతి పేరు పిలిచాడు. మైలారి పీట ముందుకు వచ్చి బిగి ములికి మీద చెయ్యి వేశాడు.

ఈసారి విలుకాళ్ళలో నవ్వు పుట్టింది.

"ఇద్దరూ పొదులు మార్చుకున్నార్రా!"

"పొదులేనా, ఇంకేమైనా మార్చుకుంటున్నారా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఉదయమల్లు తిరిగి చూశాడు. అన్నవాడు దొరకలేదు.

వేటలో వంగిన ములుకులు సరిచేయడానికి కమ్మరి కూడా వెంట రావాలి. అలివేణి పట్టకారు, ఇనుము పెట్టి కొట్టే చిన్న దాగలి మూటకట్టుకొని వాకిట్లోనే ఉంది. ఆమె మొగుణ్ణి చూసింది, మైలారిని చూసింది, నుదురు కొట్టుకుంది. తర్వాత ఉదయమల్లు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"ఏమయ్యా, అది వెయ్యడం ఎప్పుడు నేర్చుకున్నావ్?"

"చూశాను."

"చూస్తే వచ్చేస్తుందా?"

"వాడికి వచ్చింది కదా."

"పందికి డాలుంటుందని నాకు చెప్పిందే నువ్వు. రెక్క అక్కడ పైనే విచ్చుకుంటుంది. పక్కటెముకల వెనక మెత్తగా ఉంటుందే, అది దొరికితేనే వెయ్యి. ఎదురుగా వస్తే మాత్రం వెయ్యొద్దు."

"ఈ మాట వాడికీ చెప్పావా?"

"చెప్పాను. అందుకే బిగిది తీసుకున్నాడు."

"ముందు వాడికి చెప్పావన్నమాట."

అలివేణి అతని ముఖంలోకి చూసింది. "నీకు చెప్పాలని తోచలేదు. నీకు తెలుసు కాబట్టి," అంది. అతనికి మొదటి సగమే వినబడింది.

ముళ్ళకోన కోటకు పడమర రెండు క్రోసులు. చండ్ర చెట్లు, రేగు పొదలు, వాటి మధ్య ఎండిన వాగు. వాగు మలుపులో బురదమడుగు ఉంది. మడుగు చుట్టూ నేల గట్టిపడి ఉంది. అక్కడి చెట్ల బెరడు నడుమెత్తు దాకా ఊడి, కోర గీతలు పడి ఉంది. జాడగాడు వంగి చూసి, ఇవాళ్టివే అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఈ పంది గడ్డలు తవ్విన గుర్తు ఈ కోనలో ఎక్కడా లేదని, ఏం తిని బతుకుతోందో తనకు తెలియడం లేదని.

కాపు స్థలాలకు శరభయ్య చీట్లు తీశాడు. మడుగు గట్టు మీద ఇద్దరు ఉండాలి. ఉదయమల్లుకు, మైలారికి పడింది. అలివేణి వాగు దిగువన రెండు వందల అడుగుల దూరంలో దాగలి పాతుకుంది.

గట్టు మీద ఇద్దరూ పది అడుగుల ఎడంగా కూర్చున్నారు.

"నాయకా," అన్నాడు మైలారి. "గాలి వాగు వెంబడి వస్తోంది. ఎంత తప్పించి గురి చూడాలి?"

"నీ ఈకలు మెలితిప్పావా?"

"లేదు. వ్యవధి చాలలేదు."

"ఇన్నాళ్ళూ కొలిమిలోనే ఉన్నావుగా."

మైలారి తలపాగాను ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. ఉదయమల్లు వేరేవైపు చూశాడు. గాలికి ఎంత తప్పించాలో అతనికి తెలుసు. జానెడు. చెప్పలేదు.

మధ్యాహ్నం దాటి ఒక గడియకు డప్పులు మొదలయ్యాయి. కుక్కలు మొరిగాయి. రెండు కుక్కలు అరిచి ఆగిపోయాయి. ఎదుటి పొదలు కదిలాయి. పంది బయటికి వచ్చింది.

దూడంత ఎత్తుంది. ఒంటి మీద బురద పొరలు పొరలుగా ఎండి పెచ్చులు కట్టింది. మెడ కింద తోలుపట్టీకి రాగి పెట్టె ఊగుతోంది. వాగు మధ్యలో నిలబడి గట్టు వైపు తల ఎత్తింది.

మైలారి ముందు వేశాడు. బాణం నడిమి దారిలో గాలికి తిరిగి జానెడు ఎడమగా పోయి ఇసుకలో దిగింది. రెండోది వేశాడు. అది చండ్ర మొద్దులో గుచ్చుకుంది. అప్పటికే పంది పరుగు మొదలుపెట్టింది.

ఉదయమల్లు వేశాడు. బాణం దారం లాగినట్టు పోయింది. భుజం మీద సరిగ్గా తగిలింది. చెక్క మీద పిడకేసినట్టు చప్పుడైంది. రెక్కలు డాలులోనే విచ్చుకున్నాయి. ములికి వేలెడు లోతు దిగి ఆగింది. బాణం కర్ర భుజానికి వేలాడుతూ పందితో పాటు పరుగెత్తింది. రెండోది వేశాడు. ఏటవాలుగా తగిలి, వీపు మీదుగా జారి, రేగుపొదలో పడింది.

పంది గట్టెక్కింది. మూతితో మైలారిని ఎత్తి మడుగు అంచున విసిరింది. అతని విల్లు విరిగింది. పొది బోర్లాపడి మిగిలిన ఒక్క బిగి బాణం ఉదయమల్లు కాళ్ళ దగ్గరికి దొర్లింది. పంది వెళ్ళి మైలారి మీద నిలబడింది.

ఉదయమల్లు దగ్గర ఒక రెక్కల బాణం ఉంది. పందికి, అతనికి మధ్య పది అడుగులు. అతనికి కనబడుతున్నది భుజమే, డాలే. పంది కోర విసరాలంటే ఒళ్ళు తిప్పాలి. తిప్పితే పక్కటెముకల వెనక మెత్తని చోటు అతనికి ఎదురవుతుంది. అక్కడ రెక్కల ములికి దిగితే పంది బతకదు. పెట్టె తనది. ప్రమాణం నిలుస్తుంది. కోర మాత్రం మైలారిలో దిగుతుంది.

అతడు విల్లు సగం లాగి ఆగాడు.

ఎంతసేపు ఆగాడో తర్వాత ఎవరూ అడగలేదు. మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు.

పంది తల విసిరింది. ఒళ్ళు తిరగలేదు, తల మాత్రమే తిరిగింది. కోర మైలారి తొడను చీల్చి, తలపాగాను లాక్కుపోయింది. తలపాగా కింద నుదురు బయటపడింది. ముఖమంతా ఎండకు కమిలి ఉంది. నుదుటి మీద మాత్రం రెండు వేళ్ళ వెడల్పున తెల్లని పట్టీ ఉంది. ఏళ్ళ తరబడి కిరీటం పెట్టుకునేవాళ్ళకు పడే పట్టీ అది. మహీధరసింహుడి నుదుటి మీద ఉదయమల్లు దాన్ని రోజూ చూస్తాడు.

పంది ఆగింది. అది ఆ నుదుటినే చూసిందని ఉదయమల్లు తర్వాత చెప్పాడు. మనిషి చూసినట్టు చూసిందన్నాడు.

"బావా!" అని అరిచాడు కిందపడ్డవాడు. "అక్క చెప్పింది! దాని భుజానికి బిగిదే! నీ కాళ్ళ దగ్గరుంది చూడు, బావా!"

ఇన్నాళ్ళలో అతడు ఎదురుపడ్డప్పుడల్లా ఉదయమల్లును నాయకా అనే పిలిచాడు. అలివేణిని ఏమని పిలుస్తాడో ఉదయమల్లు ఎప్పుడూ వినలేదు. వినేంత దగ్గరికి వెళ్ళలేదు.

అతడు రెక్కల బాణం కింద పడేసి, బిగి బాణం అందుకొని, తాడుకు తొడిగి, చెవిదాకా లాగి వదిలాడు. ఈకలు మెలితిప్పని బాణమే. పది అడుగుల్లో గాలికి పనిలేదు. అది డాలును చీల్చుకొని ఈకల దాకా దిగింది. పంది నాలుగు అడుగులు నడిచింది. మడుగు అంచున మోకరిల్లి, పక్కకు ఒరిగింది. కాళ్ళు రెండుసార్లు కొట్టుకొని ఆగాయి.

ఉదయమల్లు చురకత్తితో తోలుపట్టీ కోసి, పెట్టె తీసుకొని, మైలారి దగ్గరికి వచ్చాడు. తన తలగుడ్డ విప్పి అతని తొడకు బిగించి కట్టాడు.

"మీరెవరు?"

"కుందవతి యువరాజు అమరకేతనుణ్ణి. హేమలేఖకూ నాకూ మాఘంలో పెళ్ళి. రాజరక్తం వేటకు రాకూడదన్నాడు కదా వాడు. అందుకే తలపాగా." అతడు ఊపిరి పీల్చుకున్నాడు. "నీకు తెలియకూడదని అక్కతో ఒట్టు వేయించింది నేనే. నువ్వు నన్ను కాపాడుకుంటూ వేటాడితే వాడు పసిగడతాడని."

ఉదయమల్లు కట్టు ముడి మళ్ళీ ఒకసారి సరిచేశాడు. అది సరిగ్గానే ఉంది.

వాగు దిగువ నుంచి అలివేణి పట్టకారుతోనే పరుగెత్తుకుంటూ వచ్చింది. కిందపడి ఉన్న పందిని, దాని భుజంలో ఈకల దాకా దిగిన బాణాన్ని, ఉదయమల్లు చేతిలోని విల్లును వరసగా చూసింది. ఆ ఈకల రంగు ఎవరి పొదిదో ఆమెకు తెలుసు.

"ఇది నువ్వేశావా?"

"నేనే."

"ప్రమాణం తప్పావా?"

"తప్పాను."

"నేనైతే ఏమీ చూడలేదు, బావా," అన్నాడు అమరకేతనుడు. "నా కళ్ళల్లో బురద ఉంది."

"మీరు ఊరుకోండి తమ్ముడూ. ఆ బాణం శరభయ్య తాతకు చూపించకుండా ఎక్కడ దాస్తారు? పందిని మింగుతారా?" అలివేణి కూర్చొని అతని తొడ కట్టును చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఆ రెక్కలది ఎందుకు తీసుకున్నావ్? నిజం చెప్పు."

"నువ్వు నవ్వావు."

"ఏమిటీ?"

"ఎనిమిదో రోజున. కొలిమిలో. ఆయుధశాల దాకా వినబడింది."

అలివేణి పట్టకారు నేల మీద పెట్టింది.

"రెక్క విచ్చుకుందయ్యా. ఎనిమిది రోజులు విరిగి విరిగి, అప్పుడు విచ్చుకుంది. నవ్వనా మరి? నువ్వొచ్చి అడిగితే నీకూ చూపించేదాన్ని. పదకొండేళ్ళలో ఒక్కసారి, ఇది ఎలా చేశావే అని అడిగావా?"

"అడిగితే అతనెవరో చెప్పేదానివా?"

"అది చెప్పేదాన్ని కాదు. ఒట్టు కదా. ములికి సంగతి చెప్పేదాన్ని."

"అక్కా అని ఎప్పటి నుంచి పిలుస్తున్నాడు?"

"మొదటి రోజు నుంచీ."

"మొదటి రోజు నుంచీనా?"

"ఇంకా అదేనా నీకు?" అంది అలివేణి.

పెట్టె ఉదయమల్లు ఒళ్ళో ఉంది. పంది పడ్డప్పుడు దాని మూల ఒకటి నొక్కుకుపోయి, అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక పడింది. అలివేణి పెట్టెను అందుకొని, తిప్పి చూసి, చీలిక దగ్గర చెవి పెట్టింది. పొద్దు వాలడానికి ఇంకా పదమూడు గడియలు ఉంది. డప్పులవాళ్ళు కోన అవతలి నుంచి పిలుస్తున్నారు. శరభయ్య ఊదిన కొమ్ము వినబడింది.

పెట్టెలో నుంచి ఆడగొంతు వచ్చింది. సన్నగా ఉన్నా ముగ్గురికీ వినబడింది. అమరకేతనుడు మోచేతుల మీద లేచాడు. అది హేమలేఖ గొంతేనన్నాడు.

"వెనక," అంది గొంతు.

ముగ్గురూ వెనక్కి తిరిగారు.

పంది పడిన చోట పంది లేదు. బురదలో దాని ఒళ్ళు ఒత్తిన గుంట ఉంది. గుంటలో రెండు బాణాలు ఉన్నాయి. బిగి బాణం ములికితో సహా ఊడి వచ్చి, ఈకల దాకా నెత్తురుతో ఉంది. రెక్కల బాణానిది కర్ర మాత్రమే. అది సగానికి విరిగి ఉంది. దాని ములికి లేదు.

గుంట దగ్గర నుంచి మనిషి పాదాల గుర్తులు మొదలయ్యాయి. చెప్పులు లేని పాదాలు. "భస్మాంగదుడే," అన్నాడు అమరకేతనుడు. గుర్తులు వాగు దాటి కోట వైపు వెళ్ళాయి. ఎడమ పాదం గుర్తు పక్కన అడుగు అడుగుకూ ఒక నెత్తురు చుక్క ఉంది.